చూడని మనిషి పోలికలు

మొన్న మంజుల ఫోన్ చేసింది. "అత్తమ్మా, రేపు పెత్రమాస. బాపు పేరు మీద బియ్యం ఇస్తున్నం. నువ్వు జల్దీ రావాలె."

పెత్రమాస అంటే ఇక్కడివాళ్లకు పెద్దల అమావాస్య. పోయినవాళ్ల పేరు చెప్పి బియ్యం, పప్పు, కూరగాయలు ఇస్తారు. ఆ సాయంత్రమే బతుకమ్మ మొదలవుతుంది. మంజుల వాళ్ల బాపు పోయిన ఏడాది ఎండాకాలంలో ఒక మధ్యాహ్నం డ్యూటీ నుంచి వచ్చి, అన్నం తిని, కాసేపు నడుం వాల్చి, మళ్లీ లేవలేదు. ఏడాది మాసికం కూడా అయిపోయింది. ఆయన పేరు మీద బియ్యం ఇవ్వడం ఇదే మొదటిసారి.

ఫోన్ పెట్టేశాక కూడా నాకు ఆ మాట మింగుడుపడలేదు. ఆయన పేరు పోయినవాళ్ల వరసలో చేరడమేమిటి! ఇన్నేళ్లూ పోయిన ఇంకో మనిషిని బతికించి మా మధ్య తిప్పింది ఆయనే కదా.

మాది తెనాలి దగ్గర పల్లె. మా ఆయనకు ఇక్కడి ప్రభుత్వ ఫ్యాక్టరీలో ఉద్యోగం వస్తే పటాన్‌చెరులో ఒక వాటా కిరాయికి తీసుకున్నాం. పక్క వాటా మంజుల వాళ్లది. దిగిన రెండో రోజునో మూడో రోజునో, పలకరింపుగా ఉంటుందని బెండకాయ వేపుడు గిన్నెలో పెట్టుకుని వెళ్లాను. మంజుల వాళ్ల బాపు గుమ్మంలోనే గిన్నె అందుకుని, "గాయనకు బెండకాయ నడువదు చెల్లె. జిగురంటే పడది. మేమైతే తింటం," అన్నారు. గాయన అంటే ఆయన అని అర్థమై, లోపల ఎవరో పెద్దాయన ఉన్నారని అనుకున్నాను.

ఇంకోరోజు వాన పడుతుంటే గోడ అవతల నుంచి నవ్వుతూ అన్నారు, "వాన వడితే గాయన ఇంట్ల ఉండడు. ఈల వేసుకుంట ఊరంత తిరుగుతడు." నేను ఆ రోజు చెవి ఒగ్గి విన్నాను. ఏ ఈలా వినపడలేదు. పక్కింట్లో ఒక పెద్దాయన ఉన్నారనీ, మనిషి మటుకు బయటికి రారనీ మా ఆయనకు చెప్పాను. ఏ జబ్బు మనిషో అయ్యుంటారు అన్నారు ఆయన.

చివరికి నేనే అడిగాను. పక్కింటాయన అప్పుడే షిఫ్టు దిగి వచ్చి, కుళాయి దగ్గర కూర్చుని రంపపు పొట్టుతో చేతులు రుద్దుకుంటున్నారు. వాల్వులు చేసే చిన్న కంపెనీలో లేత్ మెషిన్ మీద పని ఆయనది. ఆ చేతుల నల్లదనం ఎంత రుద్దినా గోళ్ల చుట్టూ మిగిలేది. "మీ అన్నగారు ఎప్పుడూ కనపడరేం?" అన్నాను.

ఆయన రుద్దడం ఆపి నావైపు చూశారు. తర్వాత పెద్దగా నవ్వి, చేతులు కడుక్కుని, లోపలికి రమ్మన్నారు. గోడ మీద ఫొటో. మిలిటరీ బట్టల్లో ఒక కుర్రవాడు. దట్టమైన కనుబొమలు. ఫొటో కోసం నవ్వు ఆపుకున్నట్టున్న మూతి. దండ లేదు.

"గీయననే. మల్లేశం. మంజుల వాళ్ల నాయిన," అన్నారు.

నేను ఫొటోనూ ఆయన్నూ మార్చి మార్చి చూశాను. నా పరేషాన్ చూసి ఆయనే అన్నారు. "నేను బాపును." ఇక్కడ నాయిన అన్నా, బాపు అన్నా తండ్రే.

తర్వాత తర్వాత మిగతాది తెలిసింది. చాలావరకు మంజుల వాళ్లమ్మ, అదే మా వదిన, చెప్పింది. వయసులో నాకంటే చిన్నదే, కానీ ఆయన నన్ను చెల్లె అన్నాక ఆమె నాకు వదిన కాక ఏమవుతుంది! మల్లేశంది సంగారెడ్డి అవతల కొండాపూర్ దగ్గర పల్లె. ఉన్న కాస్త పొలం తండ్రి చూసుకుంటుంటే ఈ అబ్బాయి మిలిటరీలో చేరాడు. కార్గిల్ యుద్ధంలో కొండ మీదికి వెళ్లిన జట్టులో అతనున్నాడు. జట్టులో కొందరు తిరిగి వచ్చారు. అతను రాలేదు. శవం కూడా దొరకలేదు. కొన్నాళ్లకు అతని బట్టలూ దుప్పటీ పెట్టిన నల్ల ట్రంకు పెట్టె మాత్రం ఇంటికి వచ్చింది. అప్పటికి మంజుల పాకుతోంది.

మగడు పోయిన దుఃఖం ఒకటైతే, పోయాడో ఉన్నాడో తెలియని దుఃఖం ఇంకొకటి. సర్కారు పోయాడంది. అత్తగారు కొడుకు బతికే ఉన్నాడంది. శవం చూడందే ఏడవనని కూర్చుంది. మామగారు ఆ దిగులుతోనే పోయాడు. వదిన పిల్లను ఎత్తుకుని పటాన్‌చెరు వచ్చి, మందుల కంపెనీలో ప్యాకింగ్ పనికి కుదిరింది. ఆ రోడ్డులోనే ఈయన కంపెనీ. ఒకే స్టాపులో దిగేవాళ్లు. ఈయన ఊరు లక్డారం. చెల్లెళ్ల పెళ్లిళ్లు చేస్తూ తన పెళ్లి మరిచిపోయిన మనిషి.

పెళ్లి మాట ఎత్తింది ఈయనే. వదిన ఒకే ఒక్కటి అడిగిందట. ఆ సంగతి ఆమె నాకు చాలా ఏళ్లకు చెప్పింది, బతుకమ్మ కోసం గునుగు పూలు కట్టలు కడుతూ. "రేపు ఆయన వస్తే?" అని అడిగిందట.

"వస్తే నువ్వు చెప్పినట్టు. నేనైతే ముందుగాల ఛాయ్ వోస్త. ముగ్గురం కూసోని మాట్లాడుకుందం," అన్నారట ఈయన.

చనిపోయాడు కదా, ఇంకెక్కడొస్తాడు, మరిచిపో అని అందరూ చెప్తుంటే విసిగిపోయి ఉన్నానని, వస్తాడేమో అన్న నా భయానికి కూడా చోటిచ్చినవాడు ఈయనొక్కడేనని వదిన అన్నది. పూలు కట్టడం మానకుండానే చెప్పింది ఆ మాట.

ఆయన పొట్టి మనిషి. ఆదివారం కూడా కంపెనీ చొక్కానే ఇస్త్రీ చేసుకుని వేసుకునేవారు. మాట్లాడేటప్పుడు ఎదుటి మగవాళ్ల మణికట్టు పట్టుకునేవారు, నాడి చూస్తున్నట్టు. మా ఆయనకు ఆ అలవాటు మొదట్లో ఇబ్బందిగా ఉండేది. తర్వాత ఆయన పట్టుకోకపోతే, ఏంటి ఈయనకు కోపమొచ్చిందా అని అడిగేవారు. పక్కింటాయన ఛాయ్ సాసర్లో పోసుకుని చప్పుడు చేస్తూ తాగేవారు. తనకంటే ఎనిమిదేళ్లో పదేళ్లో చిన్నవాడైన మల్లేశాన్ని ఏనాడూ పేరు పెట్టి ఒట్టిగా అనలేదు. గాయన. ఎప్పుడూ గాయనే. గాయన తింటడు, గాయన పాడుతడు, గాయనకు కోపమొస్తే పండ్లు కొరుకుతడు. ఉండేవాడు, పాడేవాడు అన్న మాట ఆయన నోట నేను వినలేదు.

మంజుల మాటలు నేర్చి నాయినా అని ఈయన మెడ చుట్టుకుంటే, ఎత్తుకుని ఫొటో దగ్గరికి తీసుకెళ్లేవారట. నాయిన ఈడున్నడు, నేను బాపును అని చూపించేవారట. పిల్లకు ఆ రెండు మాటలూ రెండు చెవుల్లా అమరిపోయాయి. ఎవరైనా పిల్ల తెలివిని మెచ్చుకుంటే చాలు, "అన్నీ వాళ్ల నాయిన పోలికలే," అనేవారు. ఆ నాయినను ఈయన కంటితో చూసింది లేదు.

చూడని మనిషి గురించి ఇన్ని సంగతులు ఎక్కడివి అని నాకు ఆశ్చర్యంగా ఉండేది. ఆదివారాలు ఆయన సైకిల్ మీద, తర్వాత టీవీఎస్ బండి మీద, ఎటో వెళ్లి వచ్చేవారు. మల్లేశంతో బడికి పోయినవాళ్లు, కబడ్డీ ఆడినవాళ్లు, సంగారెడ్డిలో అతనికి బట్టలు కుట్టిన దర్జీ, ఒక్కొక్కరి దగ్గరా కూర్చుని అడిగి తెలుసుకుని వచ్చేవారు. గొప్ప సంగతులు కావు. మక్క కంకులు దొంగతనంగా కాల్చుకుని తింటూ దొరికిపోయాడనీ, కబడ్డీలో తొండి చేసేవాడనీ. అలాంటిది ఒకటి దొరికిన రోజు ఆయన ముఖం వెలిగిపోయేది. రాత్రి అన్నం దగ్గర మంజులకు చెప్పేవారు. ఆ నవ్వులు మా వాటాలోకి వినపడేవి.

మా ఆయన ఒకసారి అడిగేశారు, ఎందుకింత శ్రమ అని. ఆయన మణికట్టు పట్టుకుని చెప్పారు. "పోరికి ఫొటో ఒక్కటే ఇస్తే ఏం జేసుకుంటది బావా? దండం వెట్టుకుంటది. నాయినను దండం వెట్టుకుంటరా ఎవరన్న? కొట్లాడతరు, అలుగుతరు. అలగనీకెనన్న మనిషి కావాలె గదా."

మంజుల ఆరో తరగతిలో ఉన్నప్పటి సంగతి ఇది. ప్రతి పంద్రాగస్టుకూ బడిలో ఆమెను ముందు వరసలో కూర్చోబెట్టి, వీరజవాను కూతురు అని మైకులో చెప్పి, అందరిచేతా చప్పట్లు కొట్టించేవాళ్లు. వాళ్లు ప్రేమతోనే చేసేవాళ్లు. కానీ ఆగస్టు పదిహేను దగ్గరపడేసరికి పిల్లకు కడుపునొప్పి మొదలయ్యేది. ఆ ఏడు మా ఇంట్లో మంచం మీద ముడుచుకుని పడుకుని, నేను పోనత్తమ్మా, అందరు నన్ను పాపం అన్నట్టు సూస్తరు అంది. నేను వదినకు చెప్పాను. ఆయన విని, నేను కూడ వస్త పద అని పిల్లను లేవదీశారు. నేనూ వెంట వెళ్లాను.

హెడ్మాస్టరు ఆయన్ను నాలుగు మాటలు చెప్పమన్నారు. ఇస్త్రీ చేసిన కంపెనీ చొక్కాతో మైకు ముందు నిలబడ్డారు. మైకు పొడుగ్గా ఉంటే ఎవరో వచ్చి దించారు.

"గాయన పేరు మల్లేశం," అన్నారు. "బల్లిని సూస్తే మంచమెక్కుతడు."

హెడ్మాస్టరు ముఖంలో నెత్తురు లేదు. ఎక్కడో ఒక పిల్లాడు కిసుక్కున నవ్వాడు. తర్వాత పిల్లలందరూ నవ్వారు. ఆయన కూడా నవ్వుతూ, ఇంట్లో బల్లి కనపడితే అమ్మను కేకేస్తాడనీ, అమ్మ చీపురు తెచ్చి తోలేదాకా కాలు కింద పెట్టడనీ, మిలిటరీకి పోయేముందు కూడా అక్కడ బల్లులుంటాయా అని దోస్తులను అడిగాడనీ చెప్పారు. నవ్వులు తగ్గేదాకా ఆగారు.

"గంత భయపడే మనిషి ఆ కొండ ఎక్కిండు. భయం లేక ఎక్కలే. భయం పెట్టుకోనే ఎక్కిండు. గది యాదికుంచుకోండ్రి," అని దిగిపోయారు.

మంజుల వైపు చూశాను. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వుతోంది. మిఠాయిలు పంచేటప్పుడు పిల్లలు ఆమె చుట్టూ మూగారు. మీ నాయిన నిజంగనే మంచమెక్కుతడా, మా నాయిన ఎలుకకు భయపడతడు, మా నాయిన కుక్కకు భయపడతడు అని ఒకరి మీద ఒకరు చెప్పుకుంటున్నారు. వాళ్లందరి నాయినల మధ్య మంజుల నాయిన కూడా వచ్చి నిలబడ్డాడు. ఆ తర్వాత ఆమెకు పంద్రాగస్టుకు కడుపునొప్పి రాలేదు.

ఆయనకు కోపం వచ్చిన రోజు ఒకటి ఉంది. ఏదో పెళ్లిలో, పక్కన తింటున్న చుట్టం ఒకతను, పరాయివాని బిడ్డను మోస్తున్నవ్, పరాయివాని పేరు మోస్తున్నవ్, నీకేం మిగిలింది అన్నాడట. విస్తరి ముందు నుంచి లేచి వచ్చేశారు. ఆయనకూ వదినకూ పిల్లలు కలగలేదు, ఆ చుట్టం మాట అక్కడ కూడా తగిలి ఉంటుంది. ఆ సాయంత్రం వచ్చి మా మెట్ల మీద కూర్చున్నారు. "నేనేం మోస్తలేను చెల్లె. గాయన లేకుంటే ఈ ఇద్దరు నాకు యాడికెల్లి వస్తరు?" అని లేచి వెళ్లిపోయారు.

ఆయనకు కొరుకుడు పడనిదల్లా మల్లేశం తల్లి. కోడలు మళ్లీ పెళ్లి చేసుకోవడమంటే తన కొడుకు చచ్చాడని ఊరంతా దండోరా వేయించడమేనని ఆమె అనుకుంది. కోడలి ముఖం చూడనంది. ఈయన ముఖం సంగతి చెప్పనే అక్కర్లేదు. అయినా మనుమరాలు నాయనమ్మకు దూరం కాకూడదని ఆయన మంజులను పండుగలకూ సెలవులకూ కొండాపూర్ తీసుకెళ్లేవారు. పిల్లను గుమ్మం దాటించి, తాను బయట పశువుల కొట్టం అరుగు మీద కూర్చునేవారు. లోపలికి రమ్మనే పిలుపు లేదు. మంచినీళ్లు పిల్ల చేతికే ఇచ్చి పంపేది ముసలమ్మ. అలా కొన్నేళ్లు గడిచాయి.

పెత్రమాస వస్తే వదినకు మనసు పీకేది. అందరూ తమవాళ్లకు బియ్యం ఇస్తుంటే మల్లేశానికి ఇవ్వలేకపోతున్నానని. ఆయన ఒప్పుకోలేదు. కన్నతల్లి ఉన్నడంటుంటే మనం లేడని ఎట్లంటం, అవ్వ చెప్పినప్పుడే ఇద్దం అన్నారు. ఆ ఇంట్లో ఫొటోకు దండ లేకపోవడానికి కారణం అదే.

ఒక దసరా సెలవుల్లో కొండాపూర్ నుంచి మంజుల గెంతుకుంటూ వచ్చి నాకు చెప్పింది. ఆ తర్వాత ఆయన నోటా విన్నాను, వదిన నోటా విన్నాను. జరిగింది ఇది. ఆయన అరుగు మీద కూర్చుని, పొలాల వైపు బావి చూపించి, మంజులకు కొత్తగా సంపాదించిన కథ చెప్తున్నారు. చిన్నప్పుడు నాయిన దోస్తులతో పందెం వేసి, గా బావి గడ్డ మీదికెల్లి ఒక్క దుంకు దుంకిండు, ఊరంత సూసి సబ్బాసన్నరు అని.

లోపలి నుంచి గొంతు వచ్చింది. "దుంకలే."

ఇద్దరూ అటు చూశారు. ముసలమ్మ గుమ్మంలోకి వచ్చి నిలబడింది.

"దుంకలే వాడు. జారి పడ్డడు. ముక్కులకు నీళ్లు వోయి ఏడ్సుకుంట ఉంటే వాళ్ల నాయిన తీసిండు. దుంకిన్నని దోస్తులకు చెప్పుకున్నడు, లంగ దొంగ."

ఆయన అరుగు దిగి నిలబడ్డారు. "నాకు గిది తెల్వదవ్వా. గా దోస్తులు గట్లనే చెప్పిండ్రు. ఇంకేం జేసిండు గాయన?"

కొడుకు పోయిన నాటి నుంచి ఆమె దగ్గరికి వచ్చినవాళ్లందరూ ఏదో ఒకటి చెప్పడానికే వచ్చారు. ఒప్పుకో అవ్వా, గుండె రాయి చేసుకో అవ్వా అని. అడిగినవాడు ఎవడూ లేడు. ఆమె గుమ్మంలోనే కూలబడి మొదలుపెట్టింది. పొద్దు వాలేదాకా చెప్పింది. మధ్యలో ఆయన చెప్పినవాటిలో ఇంకో రెండు కథలు కూడా తప్పని తేల్చింది. పోయేటప్పుడు, తిని పొండ్రి అంది. ఎవరినుద్దేశించి అందో చెప్పలేదు. ఇద్దరికీ పళ్లేలు పెట్టింది.

అప్పటి నుంచి ఆయన అరుగు మీద కూర్చోలేదు. పుట్టెడు కథలతో వచ్చేవారు. వదిన కూడా వెళ్లడం మొదలుపెట్టింది. అత్తాకోడళ్లు మొదటిసారి ఎదురుపడ్డప్పుడు ఏం మాట్లాడుకున్నారని అడిగితే, ఏం మాట్లాడలేదు, ఇద్దరం కూసోని చింతపండు పిక్కలు తీసినం అంది వదిన. అన్నీ కుదిరాయి కానీ బియ్యం మాట మాత్రం ముసలమ్మ దగ్గర ఎవరూ ఎత్తలేదు. ఆమె కొడుకు ఇంకా రావలసినవాడే. పటాన్‌చెరు రమ్మంటే కూడా, నేను ఈడ లేకుంటే వాడొచ్చి తాళం సూసి మర్లిపోతడు అనేది.

ఆయన పోయినప్పుడు ఆమె రాలేదు. జ్వరంతో మంచం మీద ఉందన్నారు. మాసికానికీ రాలేదు.

నిన్న పొద్దున నేను ఇప్పుడు మేముంటున్న బీరంగూడ నుంచి ఆటోలో వెళ్లేసరికి వదిన స్నానం చేసి పళ్లెంలో బియ్యం పోస్తోంది. పక్కన పప్పు, తోటకూర, గుమ్మడికాయ ముక్క, చింతపండు. మంజుల ఇప్పుడు మందుల కంపెనీ ల్యాబులో పనిచేస్తోంది, సెలవు పెట్టి తల్లికి సాయం చేస్తోంది. బియ్యం తీసుకునే అయ్యగారు వచ్చి చాప మీద కూర్చున్నారు. మంజుల బాపు ఫొటో గోడ మీద మల్లేశం ఫొటో పక్కనే ఉంది. ఆయన ఫొటోకు దండ ఉంది.

అప్పుడు గేటు చప్పుడైంది. ముసలమ్మ. పొద్దున్నే మొదటి బస్సుకు సంగారెడ్డి వచ్చి, అక్కడ బస్సు మారి, ఒక్కతే వచ్చింది. చంకలో బియ్యం మూట. మా అందరినీ దాటుకుని లోపలికి వచ్చి, రెండు ఫొటోలనూ చూస్తూ కొంగుతో ముఖం తుడుచుకుంది. ఆ ఇంట్లో కాలు పెట్టడం ఆమెకు అదే మొదలు.

వదిన చేతిలోని పళ్లెం వైపు చూసి, "ఇంకోటి వెట్టు," అంది.

వదినకు అర్థమైంది కానీ కదల్లేదు. మంజులే మెల్లగా అడిగింది, ఎవరికి నాయనమ్మా అని.

"మీ నాయినకు," అంది ముసలమ్మ. మూట ముడి విప్పుతూ చెప్పింది. "నేను ఎర్రిదాన్ని గాదు బిడ్డా. నాకు తెలుసు. ఎన్నడో తెలుసు. పోయిండంటే వాడు ఆడ ఒక్కడే ఉన్నట్టు గదా. మంచుల, దిక్కులేనట్టు. గది నాతోని కాలే. ఇప్పుడు ఈయన పోయిండు. ఈయన ఊకుంటడా? ఎతుక్కుంట పోయి వాని పక్కన కూసుంటడు. ఇగ నాకు రంది లేదు. పెట్టు, ఇద్దరికి పెట్టు."

వదిన రెండో పళ్లెం తెచ్చింది. ముసలమ్మ తెచ్చిన బియ్యం తన చేత్తోనే పోసింది. అయ్యగారు పేర్లు అడిగారు. మంజుల రెండు పేర్లూ చెప్పింది. వీరు మీకేమవుతారమ్మా అని అడిగితే, "మా నాయిన, మా బాపు," అంది. అయ్యగారు ఒక్క క్షణం తలెత్తి చూసి, మళ్లీ ఏమీ అడగకుండా మంత్రం చదివారు. వదిన అప్పుడు ఏడ్చింది. ఇన్నేళ్లకు అత్తగారు ఆమె తల తన భుజానికి ఆనించుకుంది. నా కళ్లూ ఆగలేదు. కానీ ఆ ఏడుపులో ఏదో తేలిక ఉంది. మల్లేశం ఫొటోకు మంజుల దండ వేస్తుంటే ముసలమ్మే కింద నుంచి, జెర కుడి దిక్కు జరుపు, వంకర ఉన్నది అని చెప్పింది.

నేను మధ్యాహ్నమే వెళ్లిపోదామనుకున్నాను. మంజుల వెళ్లనివ్వలేదు. సాయంత్రం వీధిలో ఆడపిల్లలు బతుకమ్మలు తెచ్చి పెట్టారు. మంజుల వద్దంటుంటే ముసలమ్మే, పో, ఏడాది అయింది, ఆడుపో అని తోలింది. వదిన ఛాయ్ తెచ్చింది. మేం ముగ్గురం మెట్ల మీద కూర్చుని తాగుతూ పిల్లల ఆట చూశాం. ఇక్కడే ఉండిపో అత్తా అని వదిన అంటే ముసలమ్మ కాదనలేదు, దీపావళి దాంక సూస్త అంది. ఇక ఆ ఇంటి తాళం గురించి ఆమె మాట్లాడలేదు.

చాలాసేపటి తర్వాత తనలో తానే నవ్వుకుంది. ఏంటవ్వా అన్నాను.

"మావోడు నోరు మూయడు బిడ్డా. పొద్దందాక వాగుతనే ఉంటడు," అంది. "ఈయన మంచిగ ఇంటడు. ఇద్దరికి కుదురుతది."